తడి ఆరని కెమెరా

ఇరవై ఆరేళ్లుగా నేను రాస్తూనే ఉన్నాను. కథలూ కవితలూ కాదు, రిజిస్టర్లు. ఈతదొన ఫారెస్టు రేంజి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు శేషావతారం రాసిన పేజీలో ఒక్క కొట్టివేత చూపిస్తే టీ ఇప్పిస్తానని పందెం కాసేవాణ్ణి. ఇంతవరకూ ఎవరికీ ఇప్పించలేదు. ఇది గొప్పకు చెప్పడం లేదు. ఒక మనిషి కొంప నా చక్కని రాత వల్లే మునిగింది కాబట్టి ముందుగా చెప్పేస్తున్నాను.

మా ఆఫీసులో స్వాధీన వస్తువుల రిజిస్టరు అని ఒకటుంది. అడవిలో పట్టుకున్నది గొడ్డలైనా, ఉచ్చయినా, ఎద్దులబండయినా అందులోకి ఎక్కాల్సిందే. దానికి ఆరు కాలమ్‌లు. వరుస నంబరు, తేదీ, తెచ్చినవారు, దొరికిన చోటు, వస్తువు, చివరగా ‘దొరికినప్పటి స్థితి’. మొదటి ఐదూ ఎవరైనా నింపుతారు. ఆరో కాలమ్ దగ్గరే అసలు పనివాడు తెలుస్తాడు.

నాకు ముందు ఆ కుర్చీలో ఉన్న మాధవయ్యగారు ఆ కాలమ్‌లోనే దెబ్బతిన్నారు. పట్టుకున్న వెదురు బొంగులను ‘పచ్చిగా ఉన్నవి’ అని రాసి, తూకం వేసి గోదాములో పెట్టించారు. ఏడాదికి వెదురు ఎండింది, తూకం తగ్గింది. తనిఖీకి వచ్చినవాళ్లు తగ్గిన బరువు ఎక్కడికి పోయిందని మెమో ఇచ్చారు. గాలిలోకి పోయిందని ఆయన రాసిన జవాబు అసంతృప్తికరంగా ఉందన్నారు. రిటైరయ్యే రోజు పూలదండ మెడలో ఉండగా కూడా ఆయన ఆ గాలికి సంజాయిషీ రాస్తూనే ఉన్నారు. మా రేంజి ఆఫీసరు కోదండపాణిగారు ఇక్కడ చార్జి తీసుకున్న రోజు మొట్టమొదట విన్న కథ అదే. ఆ భయం ఆయన్ను ఇప్పటికీ వదల్లేదు.

ఇక అసలు సంగతి. కిందటేడు వినాయక చవితి వెళ్లిన వారానికి పెద్ద వాన పడి సన్నవాగు పొంగింది. మర్నాడు పొద్దున వాచరు బయ్యన్న తడిసి ముద్దై ఆఫీసు మెట్ల దగ్గరికొచ్చాడు. కట్రాజు బయ్యన్న చెంచుగూడెం మనిషి. పదకొండేళ్లుగా మా దగ్గర రోజుకూలీ మీద అడవి కాస్తున్నాడు. జంతువు అడుగు చూసి అది ఎప్పుడు వెళ్లిందో, నిదానంగా వెళ్లిందో బెదిరి వెళ్లిందో చెప్పగలడు. అంతటివాడికి అప్పుడు ఒక చిక్కు వచ్చి పడింది. అంతకు నాలుగు రోజుల కిందట, సన్నవాగు పక్కనున్న దొన అనే రాతి నీటిగుంట దగ్గర ఎవరో కణితిని, అంటే పెద్ద దుప్పిని, తుపాకీతో కాల్చి, తలా గిట్టలూ వదిలేసి మాంసం పట్టుకుపోయారు. వాచరే వాళ్లకు దారి చూపించాడని పేరు చెప్పని మనిషెవరో డివిజను ఆఫీసుకు ఫోను చేశాడు.

బయ్యన్న తువ్వాలు విప్పి నా బల్ల మీద ఒక నల్లని కెమెరా పెట్టాడు. చెట్టుకు కట్టే రకం. ఎదురుగా ఏది కదిలినా దానంతట అదే ఫొటో తీసుకుంటుంది. పులుల లెక్కకు మేమూ అలాంటివే కడతాం. కానీ మా వాటి మీద తెల్ల రంగుతో నంబరుంటుంది. దీని మీద లేదు.

“వేటగాళ్లది సార్,” అన్నాడు. “దొన మీద మద్దిచెట్టుకు కట్టినారు. కణుతులు నీళ్లకు ఏ పొద్దున వస్తాయో చూసుకునేదానికి. రాత్రి వానకు కొమ్మ ఇరిగి వాగులో పడింది. కొట్టకపోతా ఉంటే దూకి పట్టినా.”

“దీంతో నీకేం ఒరుగుతుంది బయ్యన్నా?”

“లోపల కార్డుంటాది గదా సార్. దాంట్లో కట్టినోడి మొగం ఉంటాది. పట్టీ బిగిచ్చేటప్పుడు ఎదురుగా నిలబడేది వాడే. బిగిస్తా ఉండంగానే టక్కుమంటాది. ఏ కెమెరా అయినా కట్టినోడి మొగమే మొదట పడతాది.”

అది నిజమే. పులుల లెక్కప్పుడు మేము కట్టిన నలభై కెమెరాల్లోనూ మొదటి ఫొటో బయ్యన్న ముక్కుదే. పులి ఆ తర్వాత ఎప్పుడో తీరిగ్గా వచ్చింది.

“ఇప్పుడే ఇప్పి కార్డు తీసి ఆరబెడితే ఏం కాదు సార్. మనవి రెండు నీళ్లల్లో పడితే మా ఇంట్లో బియ్యం డబ్బాలో పెట్టినాం గదా. మూడు దినాలకు బొమ్మలన్నీ బాగా వచ్చినాయి. ఆలస్యమైతే తుప్పు తింటాది.”

“విప్పుదాం. ముందు రిజిస్టరులో ఎక్కించనీ,” అన్నాను.

ఆ మాట అనకుండా ఉంటే ఈ కథ లేదు. కలం మూత తీశాను. ఆ రోజు చేయి కూడా చాలా బాగా సాగింది. ‘నల్లరంగు కెమెరా ఒకటి, పట్టీతో సహా. పూర్తిగా తడిగా ఉన్నది. నీరు కారుచున్నది. ఊపి చూడగా లోపల నీరు కదులు శబ్దము వినబడుచున్నది.’ చోటు మిగిలింది కదా అని మూడో కాలమ్‌లో కూడా దండిగా రాశాను. ‘తెచ్చినవారు: కట్రాజు బయ్యన్న, వాచరు. విధి నిర్వహణలో ఉన్నాడు. నిలువెల్లా తడిగా ఉన్నాడు.’ చదివి వినిపిస్తే బయ్యన్న కింద సంతకం పెట్టాడు.

అంతలో కోదండపాణిగారు వచ్చారు. సంగతంతా విని, కెమెరాను ముట్టుకోకుండా దాని చుట్టూ ఒకసారి తిరిగారు.

“వేటకు ఉపయోగించబడినది కాబట్టి ఇది కెమెరా కాదు, వేట సాధనం,” అన్నారు. “తుపాకీతో సమానం. సాంకేతిక నిపుణుల కమిటీ సమక్షంలో తప్ప దీన్ని తెరవడం సాక్ష్యాన్ని తారుమారు చేయడం కిందికి వస్తుంది. కమిటీని పంపమని రాయండి. అంతవరకు ఉన్నది ఉన్నట్టుగా భద్రపరచండి. ఆరోపణ ఉన్నందున ఈ వాచరు తదుపరి ఉత్తర్వులు వచ్చువరకు అడవిలో అడుగు పెట్టరాదు.”

బయ్యన్న నా వైపు చూశాడు. నేను రిజిస్టరు వైపు చూశాను.

మర్నాడు పది గంటలకు కోదండపాణిగారు నన్ను పిలిచారు. ఆయన ఒక చేతిలో రిజిస్టరు, ఒక చేతిలో కెమెరా ఉన్నాయి. కెమెరా రాత్రంతా ఫ్యాను కింద ఉండి పొడిగా అయింది.

“ఇదేమిటి శేషావతారంగారూ?”

“కెమెరా అండి.”

“రిజిస్టరులో ఉన్న కెమెరా పూర్తిగా తడిగా ఉంది. ఇది పొడిగా ఉంది. ఊపితే శబ్దం కూడా లేదు. రేపు తనిఖీవారు అడిగితే ఆ నీరు ఎక్కడికి పోయిందని చెప్పాలి?”

“తడి ఆరడం సహజమే కదండీ.”

“వెదురు ఎండడం కూడా సహజమే. మాధవయ్యగారికి మెమో ఆగిందా?”

ఆయన గొంతు తగ్గించి, పెళ్లిచూపుల్లో కట్నం సంగతి అడిగినంత మెల్లగా, “తడిపించండి,” అన్నారు.

చెంబుడు నీళ్లు తెచ్చి పోశాను. పైతడి వచ్చింది కానీ శబ్దం రాలేదు. అంచున ఉన్న సన్నటి సందులోంచి ఇంకు ఫిల్లరుతో చుక్కచుక్కా ఎక్కించి, మధ్యమధ్యలో చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. పావుగంటకు రిజిస్టరులో రాసిన శబ్దమే వచ్చింది. నిజం చెప్పొద్దూ, అప్పుడు నాకు సంతోషమే వేసింది. నా వర్ణన తప్పు కానందుకు.

ఆ రోజు నుంచి పొద్దున ఆఫీసు తెరవగానే నా మొదటి పని అదే. చెంబుతో పైతడి, ఫిల్లరుతో లోపలి తడి, ఆ తర్వాత శబ్ద పరీక్ష. ఆదివారాల్లోనూ తప్పేది కాదు. గోదాములో ఫ్యాను ఊడదీయించి, తలుపు మీద ‘ఆరబెట్టరాదు’ అని బోర్డు పెట్టించారు. ‘తడి నిర్వహణ పుస్తకం’ అని ఒకటి పెట్టి రోజూ సంతకం చేయమన్నారు. చేశాను.

కమిటీ కోసం రాసిన లేఖకు నెల తర్వాత డివిజను ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. కమిటీ ఎప్పుడొచ్చేదీ అందులో లేదు. ఒక ప్రశ్న ఉంది. ‘సదరు వస్తువు యొక్క తడి ఏ నీటితో కొనసాగించబడుచున్నది? దొరికిన చోటి నీరేనా? సత్వరమే తెలియపరచవలెను.’ మాది బోరు నీళ్లు. అవి పోసిన చోటల్లా తెల్లటి చార కడతాయి. కోదండపాణిగారికి చెమటలు పట్టాయి. దొరికిన చోటు సన్నవాగు అని నాలుగో కాలమ్‌లో నేనే గుండ్రంగా రాశాను.

వాగు తొమ్మిది కిలోమీటర్లు. రోజూ పోయి నీళ్లు తెచ్చేదెవరు? బయ్యన్న ఖాళీగానే ఉన్నాడు కదా అన్నారు. అతను అడవిలో అడుగు పెట్టరాదని ఉత్తర్వు ఉంది కాబట్టి, అడవిలో అడుగు పెట్టడానికి అతనికి రోజూ ఒక అనుమతి పత్రం ఇవ్వాలని తేల్చారు. ‘ప్రవేశ నిషిద్ధుడైన సదరు వ్యక్తికి నీటి నిమిత్తం మాత్రమే ప్రవేశం. దారిలో దేనినీ చూడరాదు’ అని ఆ నమూనా నేనే తయారు చేశాను.

బయ్యన్న ఆ కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు. “చూడకుండా ఎట్టా నడిచేది సార్?” అని మాత్రం అడిగాడు. ఆ తర్వాత రోజూ పొద్దున ఎనిమిదింటికల్లా బిందెతో నీళ్లు తెచ్చి గోదాము గుమ్మం బయట దించేవాడు. గుమ్మం దాటి లోపలికి మాత్రం ఒక్కనాడూ రాలేదు.

దసరా అయిపోయాక డివిజనల్ ఆఫీసరుగారు తనిఖీకి వచ్చారు. రిజిస్టరు చదివారు, కెమెరాను తాకి వేలు తడి అయిందో లేదో చూసుకున్నారు, చెవి దగ్గర పెట్టుకుని ఊపారు. ఆయన ముఖం వికసించింది.

“నా సర్వీసులో రిజిస్టరూ వస్తువూ ఇంతగా ఏకీభవించడం ఇదే చూడటం,” అన్నారు. “సాక్ష్యాన్ని కాపాడటమంటే దాని స్థితిని కాపాడటం. ఈతదొన రేంజి దీన్ని ఆచరణలో చూపించింది.”

గుమ్మం బయట బిందెతో నిలబడిన బయ్యన్న చేతులు జోడించాడు. “సార్, లోపల కార్డుంటాది. నీళ్లు పోసేకొద్దీ అది పాడైపోతాది. దాంట్లో నా పానం ఉండాది సార్.”

“నీ ఆవేదన నమోదు చేసుకుంటాం,” అన్నారు ఆయన దయగా. నేను నమోదు చేసుకున్నాను.

వారంలో సర్క్యులరు వచ్చింది. డివిజనులోని అన్ని రేంజిల్లోనూ స్వాధీన వస్తువులన్నింటినీ దొరికినప్పటి స్థితిలోనే కొనసాగించాలని దాని సారాంశం. అప్పుడు చూడాలి సందడి. పక్క రేంజిలో దొంగ బొగ్గుబట్టీ ఒకటి పట్టుకున్నప్పుడు ‘పొగ వచ్చుచున్నది’ అని రాసుకున్నారు. ఆ పొగ ఆగకుండా పట్టుకున్న కలపంతా వేశారు. అది అయిపోయాక అడవిలో చెట్లు కొట్టడానికి అనుమతి అడిగారు, వచ్చింది. ఇంకో రేంజిలో కలప ట్రాక్టరు ‘ఇంజను నడుచుచుండగా’ దొరికిందట. దాన్ని ఆపకుండా ఆఫీసు ముందు నడిపిస్తూ ఉంటే, లోపల ఒకరి మాట ఒకరికి వినపడక చీటీలు రాసుకునేవారు. గట్టుకింద సెక్షనులో పట్టుకున్న అడవిపంది కూర ‘వేడిగా ఉన్నది’ కాబట్టి దాన్ని రెండు పూటలా కాచారు. మూడో వారానికి సిబ్బంది బల్లలు బయటికి తెచ్చుకుని ఆరుబయట కూర్చున్నారు. ఒకచోట కట్టెలు కొట్టే మనిషిని ‘పారిపోవుచుండగా’ పట్టుకున్నారు. అతణ్ణి ఏ స్థితిలో ఉంచాలో చెప్పమని డివిజనుకు రాశారు. జవాబు వచ్చేలోగా అతను ఆ స్థితిని తనంతట తానే కొనసాగించాడు.

ఇవన్నీ విని నేను కూడా నవ్వాను. పేరు మాదే కదా, అందరికీ దారి చూపింది మనమే కదా అని కాస్త మురిసిపోయాను కూడా.

జనవరిలో ఒక రోజు బయ్యన్న నీళ్లు దించి వెళ్లిపోకుండా మెట్ల మీద కూర్చున్నాడు. కోదండపాణిగారు మీటింగుకు వెళ్లారు. ఆఫీసులో నేనొక్కణ్ణే.

“సార్, ఒక మాట. రేపు రెండో శనివారం, ఎల్లుండి ఆదివారం, ఆవలి దినం కూడా సెలవంట. పెద్దసారు రాడు. ఆ మూడు దినాలు నీళ్లు పొయ్యొద్దు. నేను బియ్యం తెస్తా. మీరే మీ చేత్తో పెట్టండి. మళ్లా పొద్దున్నే తడిపేద్దాం. ఇప్పటికే సగం పోయుంటాది. మిగిలిన సగమన్నా మిగులుతుందేమో.”

నేను రిజిస్టరులో పేజీ తిప్పాను.

“మా పాప ఆశ్రమ పాఠశాలలో ఉండాది సార్. కణితి దొంగ కూతురా అని పిలస్తా ఉండారంట. దసరాకు ఇంటికి రాలా. నేను పోతే, నువ్వు రాబాక నాయనా అనింది.” అతను కళ్లు తుడుచుకోలేదు, గొంతూ పెంచలేదు. “అడవిలో ఏ చెట్టునైనా అడగండి సార్ నన్ను గురించి. ఆ కెమెరా ఒక్కటే నోరున్న సాక్షి. దానికి దినామూ నేనే నీళ్లు మోస్తాండా.”

“మరి ఎందుకు మోస్తున్నావు? మానెయ్యరాదూ?”

“మానేస్తే, సాక్ష్యం చెడగొట్టేదానికే మానేసినాడని రాయరా మీరు?”

రాస్తాం. ఆ వాక్యం అప్పటికే నా మనసులో తయారుగా ఉంది. “బయ్యన్నా, నాకు ఇంకా రెండేళ్లు సర్వీసుంది,” అన్నాను.

“నాకు అడవి ఇంకా ఎన్నేళ్లుందో ఎవురిని అడగాల సార్?” అని లేచి వెళ్లిపోయాడు.

ఆ మూడు రోజులూ నేను పోయకుండా ఉండగలిగేవాణ్ణే. ఎవరూ చూసేవారు కాదు. అయినా మూడు రోజులూ వచ్చి పోశాను. చేత్తో చెంబు పట్టుకుంటే సిగ్గేసింది. సిగ్గుతోనే పోశాను. అంతటితో ఊరుకున్నానా అంటే అదీ లేదు. ఈ వాచరు వస్తువును ఆరబెట్టే ఆలోచనలో ఉన్నాడని కోదండపాణిగారి చెవిన వేశాను. తర్వాత ఏదైనా జరిగితే నా మీదికి రాకూడదు కదా.

ఆయన వెంటనే పులుల లెక్క కెమెరాల్లోంచి ఒకటి తీయించారు. “గోదాములో కట్టండి. తడికి కాపలా,” అన్నారు. కెమెరాకు కాపలా కెమెరా. గోదాము దూలానికి దాన్ని నేనే పట్టీతో బిగించాను.

ఎండాకాలం వచ్చింది. సన్నవాగు ఎండిపోయింది. వాగు నీరు లేక తడి ఎలా అని కోదండపాణిగారు రెండు రాత్రులు నిద్రపోలేదు. మూడో రోజు బయ్యన్న ఎప్పటిలాగే బిందెతో వచ్చాడు. వాగు ఇసుకలో చెలమ తవ్వి, ఊరిన నీళ్లను చిప్పతో తోడి తెచ్చాడట. చెలమ నీరు వాగు నీరే అని ధ్రువపత్రం కావాలన్నారు. బయ్యన్న చేతనే రాయించి, బయ్యన్న మాట నమ్మదగినదేనని కోదండపాణిగారే కింద సంతకం పెట్టారు. ఆ మాట మరో కాగితంలో ఎందుకు పనికిరాలేదో నేను అడగలేదు.

జూన్‌లో నిపుణుల కమిటీ వచ్చింది. ముగ్గురు. అధ్యక్షుడు డాక్టర్ పరబ్రహ్మంగారు. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని, మెడలో ఇంకోటి వేలాడేసుకున్న పెద్దమనిషి. వాళ్లతో పాటు డివిజనల్ ఆఫీసరుగారు, కోదండపాణిగారు, నేను, గుమ్మం బయట బయ్యన్న. మొదట తేమ కొలిచే పరికరం పెట్టారు. తర్వాత ఊపారు. రిజిస్టరు చదివి మళ్లీ ఊపారు.

“నూటికి నూరు,” అన్నారు పరబ్రహ్మంగారు. “తొమ్మిది నెలల తర్వాత కూడా దొరికిన క్షణంలో ఉన్నట్టే ఉంది. ఇటువంటి సంరక్షణ నేను ఏ మ్యూజియంలోనూ ఎరగను.”

అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు చిన్న స్క్రూ డ్రైవరుతో మూత తీశారు. గ్లాసెడు నీళ్లు బల్ల మీద కారాయి. అందులో దోమపిల్లలు కొన్ని గిలగిల్లాడాయి. కార్డు పచ్చగా బూజు పట్టినట్టుంది. చిన్న పట్టకారుతో పట్టుకుని లాగితే అంచు పొడి పొడిగా రాలిపోయింది.

గుమ్మం బయట బయ్యన్న ఆ పొడిని చూస్తూ నిలబడ్డాడు.

“వస్తువు స్థితి అద్భుతంగా ఉంది,” అని పరబ్రహ్మంగారు చెబుతూ ఉంటే నేను రాసుకున్నాను. “అందలి సమాచారము మాత్రము లభ్యము కాలేదు. ఇక తడి నిర్వహణ సక్రమంగా జరిగినదీ లేనిదీ ధ్రువీకరించాలి. కాపలా కెమెరా ఏది?”

దూలం మీది కెమెరా దింపి, కార్డు లాప్‌టాప్‌లో పెట్టారు. అది పొడిగా, చక్కగా ఉంది. మొదటి ఫొటో తెర నిండా వచ్చింది. ఒక ముక్కు, సగం తెరిచిన నోరు, పట్టీ బిగించే తొందరలో ఒక కన్ను మూసుకున్న ముఖం. నాది.

ఆ తర్వాత నూట నలభై పైచిలుకు ఫొటోలు. అన్నింట్లోనూ నేనే. చెంబుతో నేను. ఫిల్లరుతో నేను. కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని ఊపి, శబ్దం వినపడగానే చిన్నగా నవ్వుకుంటున్న నేను. ప్రతి ఫొటోలోనూ వెనక గుమ్మం బయట బిందె, దాని పక్కన బయ్యన్న కాళ్లు. ఆ కాళ్లు ఏ ఒక్క ఫొటోలోనూ గుమ్మం దాటలేదు.

“ఎవరీయన?” అన్నారు పరబ్రహ్మంగారు తెర మీది ముఖాన్ని చూసి. ఎదురుగా ఉన్న నన్ను గుర్తుపట్టలేదు.

బయ్యన్నే బదులు చెప్పాడు. “కట్టినోడు సార్. కట్టినోడి మొగమే మొదట పడతాది. అప్పుడే చెప్పినా.”

ఆ గదిలో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. పైగా రోజూ తడిపినందుకు డివిజనల్ ఆఫీసరుగారు భుజం తట్టారు. కానీ నాకు ఆ నూట నలభై ఫొటోలూ ఒక వేటగాడివిలాగే కనిపించాయి.

కణితిని చంపినవాళ్ల సంగతి తేలకపోయినా బయ్యన్న సంగతి తేల్చాలి కదా. పరబ్రహ్మంగారు కళ్లు మూసుకుని చెప్పారు. “ఆరోపణ రుజువు కాలేదు. ఆరోపణ అబద్ధమని కూడా రుజువు కాలేదు. కావున సదరు వాచరు విషయమై కూడా యథాస్థితిని కొనసాగించవలెను.”

“అంటే అడవికి దూరంగానే ఉంచడమండీ,” అని కోదండపాణిగారు ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడు ఇరవై ఆరేళ్లలో మొదటిసారి, అడగకుండానే నేను నోరు తెరిచాను. “కాదండి. మన సర్క్యులరు ప్రకారం స్థితి అంటే దొరికినప్పటి స్థితి.” రిజిస్టరు తీసి మూడో కాలమ్ మీద వేలు పెట్టాను. “వస్తువు దొరికిన రోజు ఇతను విధి నిర్వహణలో ఉన్నాడు. రాసి ఉంది. అదే కొనసాగించాలి.”

ముగ్గురు నిపుణులూ వంగి చదివారు. డివిజనల్ ఆఫీసరు చదివారు. కాదనడానికి వీల్లేదు. సర్క్యులరు ఆయనదే. బయ్యన్నను మళ్లీ డ్యూటీలోకి తీసుకోమన్నారు. ఒక్క క్షణం నా గుండె తేలికపడింది. ఆ క్షణంలోనే కోదండపాణిగారి వేలు వచ్చి నా వేలు పక్కన ఆగింది.

“కింద ఇంకో వాక్యం ఉంది,” అన్నారు. “నిలువెల్లా తడిగా ఉన్నాడు.”

కమిటీ పది నిమిషాలు చర్చించింది. ఒక వాక్యాన్ని అమలు చేసి, రెండోదాన్ని వదిలేస్తే తనిఖీలో ఇబ్బంది వస్తుందని తేలింది. వాచరు డ్యూటీలో చేరవచ్చు, అయితే రోజూ విధికి వెళ్లే ముందు ఆఫీసులో హాజరై సదరు స్థితిని చూపించాలి.

అందరూ జీపులు ఎక్కాక బయ్యన్న నా బల్ల దగ్గరికొచ్చాడు. “సార్, డ్యూటీ సరే. వేటగాళ్లకు దారి చూపింది నేను కాదని ఒక కాయితం ఇస్తారా? మా పాపకు చూపిస్తా.”

రిజిస్టరు తిరగేశాను. ఆరు కాలమ్‌లు. అలాంటి మాట రాయడానికి వాటిలో చోటు లేదు. సొంతంగా రాసిస్తే అది నా మాట అవుతుంది. ఆఫీసు మాట కాదు. అదే అతనికి చెప్పాను. తల ఊపి వెళ్లాడు.

ఇప్పుడు రోజూ పొద్దున ఎనిమిదింటికి బయ్యన్న వస్తాడు. యూనిఫారం చొక్కా, చేతికర్ర. బిందె మెట్ల మీద దించి, సన్నవాగు నీళ్లు తన చేత్తోనే తన నెత్తి మీద పోసుకుంటాడు. చలి రోజైనా అంతే. అలాగే లోపలికొచ్చి నా ఎదుట నిలబడతాడు. ఇప్పుడు అతను గుమ్మం దాటుతున్నాడు.

“రాసుకోండి సార్. తడిగా ఉండాడని.”

నేను రాసుకుంటాను. అతను ఎప్పుడూ కోపంగా అనడు. అన్నా బాగుండేది. మొన్న అలా నిలబడి ఉండగా అతని జుట్టులోంచి నీళ్లు కారి రిజిస్టరు మీద పడ్డాయి. ఇంకు పాకింది. ఇరవై ఆరేళ్లలో నా పేజీ పాడవడం అదే మొదటిసారి. నేను గబుక్కున లేచి రిజిస్టరును ఫ్యాను కింద తెరిచి పెట్టి, పేజీల మధ్య బ్లాటింగు కాగితం ఉంచాను. కోదండపాణిగారు కూడా కంగారుగా వచ్చి కిటికీ తలుపులు తెరిచారు, ఎండ తగలనివ్వండి అన్నారు.

బయ్యన్న తడి బట్టలతో గుమ్మంలో నిలబడి ఆ ఆరబెట్టడమంతా చూసి, తర్వాత అడవికి వెళ్లాడు. పావుగంటలో రిజిస్టరు ఆరిపోయింది. దానికి ఎవరి అనుమతీ అడగలేదు.